పాత కారుకు కొత్త బ్రేకులు: బిగించాక వచ్చే తేడాలు, కారణాలు, పరిష్కారాలు

పాత కారుకు ఇంట్లోనే బ్రేకులు మార్చినప్పుడు వచ్చే తంటాల్లో చాలావరకు కొత్త సామాను నాసిరకం కావడం వల్ల వచ్చేవి కావు. కొత్తగా వేసిన భాగానికీ, మార్చకుండా వదిలేసిన పాత భాగానికీ పొత్తు కుదరకపోవడమే అసలు కారణం. ముందు చక్రాలకు పెద్ద క్యాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకు నొక్కి పట్టే భాగాలు) వేసి మాస్టర్ సిలిండర్‌ను (పెడల్ తొక్కితే పైపుల్లోకి ఆయిల్ నెట్టేది) పాతదే ఉంచడం, వెనక డ్రమ్ములు తీసి డిస్కులు పెట్టి వాల్వులను మరిచిపోవడం లాంటివి ఇందుకు ఉదాహరణలు. అందుకే తేడా కనిపించగానే ఇంకో భాగం కొనకుండా, లోపం ఏ చక్రం దగ్గరుందో, ఏ పైపులో ఉందో ముందు తేల్చుకోవాలి.

పెద్ద డిస్కుల వల్ల ఏం వస్తుందో కూడా తెలిసి ఉండాలి. ఇప్పుడున్న బ్రేకులు గట్టిగా తొక్కితే చక్రాలను పూర్తిగా పట్టేసి టైర్లు జారేలా చేస్తున్నాయంటే, ఒక్కసారి తొక్కి ఆపే దూరం పెద్ద డిస్కులతో తగ్గదు. అక్కడ హద్దు టైరు పట్టుదే. పెద్ద డిస్కు వల్ల లాభమంతా వేడి విషయంలో. వేగం రెట్టింపైతే బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగింతలవుతుంది. పొడవైన దిగుడులో మళ్లీమళ్లీ తొక్కాల్సి వచ్చినప్పుడు బరువైన డిస్కు ఆ వేడిని తట్టుకుంటుంది. టైర్లు గట్టిపడి పాతబడి ఉంటే ముందు వాటిని మార్చండి.

ఇక్కడ చెప్పేవన్నీ ఏబీఎస్ (చక్రాలు లాక్ కాకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) లేని పాత కార్ల గురించి. ఏబీఎస్ ఉన్న కారులో దాని యూనిట్‌లో చిక్కిన గాలిని తీయడానికి చాలాసార్లు స్కాన్ టూల్ (కారు కంప్యూటర్‌కు తగిలించే పరికరం) కావాలి. పెడల్ తొక్కి తీద్దామంటే కుదరదు.

జాకీ మీద మాత్రమే నిలిపిన కారు కింద చెయ్యి పెట్టకండి. గట్టి నేల మీద స్టాండ్లు వేసి, నేల మీదున్న చక్రాలకు అడ్డు పెట్టాలి. పాత షూల (డ్రమ్ము లోపల రాసుకునే బ్రేకు ముక్కల) లైనింగుల్లో, ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి డ్రమ్ములోని దుమ్మును గాలితో ఊదకండి, పొడి బ్రష్షుతో రుద్దకండి. బ్రేక్ క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయండి.

పెడల్ స్పాంజిలా మెత్తగా ఉంది

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. ద్రవం నొక్కితే కుదించుకోదు, గాలి కుదించుకుంటుంది. కాబట్టి పైపుల్లో గాలి ఉందనే అనుమానం మొదట రావాలి. కానీ లీటర్లకొద్దీ ఆయిల్ పోసి గాలి తీసినా పెడల్ మెత్తగానే ఉంటే, గాలి బయటికి రాలేని చోట చిక్కుకుని ఉంటుంది.

ముందు క్యాలిపర్లను చూడండి. బ్లీడర్ నిపుల్ (గాలి బయటికి వదిలే చిన్న మర) పైభాగంలో ఉండాలి. ఎడమ క్యాలిపర్ కుడికి, కుడిది ఎడమకు వేస్తే చాలా కార్లలో బోల్టులు సరిగ్గానే కూర్చుంటాయి గానీ నిపుల్ కిందికి వస్తుంది. గాలి పైన నిలిచిపోతుంది, కింది నుంచి ఆయిల్ మాత్రమే వస్తుంది. వేరే కారు నుంచి తెచ్చిన క్యాలిపర్‌ను బ్రాకెట్‌తో అమర్చినప్పుడు నిపుల్ కాస్త పక్కకు తిరిగినా ఇదే ఇబ్బంది. అలాంటప్పుడు క్యాలిపర్‌ను బోల్టుల నుంచి విప్పి, ప్యాడ్ల మధ్య డిస్కు మందం ఉన్న చెక్కముక్క పెట్టి, నిపుల్ పైకి ఉండేలా చేత్తో పట్టుకుని గాలి తీసి, తిరిగి బిగించవచ్చు.

రెండో చోటు మాస్టర్ సిలిండర్. కొత్తదాన్ని పొడిగా కారుకు బిగిస్తే అందులోని గాలి మొండికేస్తుంది. బిగించే ముందే బయట గాలి తీయాలి. సిలిండర్ చెవిని వైస్‌లో పట్టించి (గొట్టం భాగాన్ని నొక్కకూడదు) మట్టంగా ఉంచండి. రెండు అవుట్‌లెట్ల నుంచి చిన్న గొట్టాలు తిప్పి రిజర్వాయర్‌లోని ఆయిల్‌లో మునిగేలా పెట్టండి. మొద్దు కొన ఉన్న కడ్డీతో పిస్టన్‌ను నెమ్మదిగా నొక్కుతూ, వదులుతూ, బుడగలు పూర్తిగా ఆగేదాకా చేయండి.

ఆ తర్వాత చక్రాల దగ్గర గాలి తీయడం. మాస్టర్ సిలిండర్‌కు ఎక్కువ దూరంలో ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రావడం మామూలు పద్ధతి. ఒక ముందు చక్రం, ఎదురు మూల వెనక చక్రం ఒకే సర్క్యూట్‌లో ఉండే కార్లలో క్రమం వేరుగా ఉండొచ్చు, ఆ కారు మాన్యువల్ చూడండి. నిపుల్‌కు పారదర్శకమైన గొట్టం తొడిగి, దాని చివరను కొంచెం ఆయిల్ పోసిన సీసాలో ముంచండి. లోపలున్న మనిషి పెడల్‌ను నెమ్మదిగా తొక్కి పట్టుకోవాలి. బయటి మనిషి నిపుల్‌ను పావు చుట్టు నుంచి అర చుట్టు దాకా విప్పి, ధార ఆగేలోపు మూసేయాలి. మూశాకే పెడల్ వదలాలి. తటతటా తొక్కితే పెద్ద బుడగ చిన్న బుడగలై ఆయిల్‌లో కలిసిపోతుంది, అప్పుడు అరగంట ఆగాల్సిందే. రిజర్వాయర్ మధ్యలో ఒక్కసారి ఖాళీ అయినా పని మళ్లీ మొదటికొస్తుంది. చిన్న కారుకు ఒక లీటరు కొత్త ఆయిల్ దగ్గర ఉంచుకోండి.

పాత మాస్టర్ సిలిండర్‌నే వాడుతుంటే పెడల్‌ను నేల దాకా తొక్కకండి. ఏళ్ల తరబడి సీల్ తిరగని చోట తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. సీల్ అంచు అక్కడ గీసుకుపోతే గాలి తీసే పనిలోనే మాస్టర్ సిలిండర్ పాడవుతుంది. పెడల్ కింద చెక్కముక్క పెట్టడం చాలా తేలికైన జాగ్రత్త.

గాలి లేదని నమ్మకం కుదిరినా మెత్తదనం పోలేదంటే లోపం ఎక్కడో విడదీసి చూడాలి. రబ్బరు హోసును చదునైన దవడలున్న హోస్ క్లాంపుతో ఒక్కొక్కటిగా నొక్కి పెడల్ తొక్కండి. ఏ హోసు మూసినప్పుడు పెడల్ ఒక్కసారిగా గట్టిపడిందో ఆ చక్రం దగ్గరే లోపం. స్టీలు అల్లిక ఉన్న హోసును మాత్రం క్లాంపుతో ఎప్పుడూ నొక్కకూడదు, లోపలి గొట్టం దెబ్బతింటుంది. అవి వేసిన కారులో మాస్టర్ సిలిండర్ అవుట్‌లెట్లను సరైన మరలున్న ప్లగ్గులతో మూసి తొక్కండి. పెడల్ రాయిలా నిలబడితే మాస్టర్ బాగుంది, కింద వెతకాలి.

వయసైపోయిన రబ్బరు హోసులు ఒత్తిడికి ఉబ్బుతాయి. తొక్కేటప్పుడు హోసును చేత్తో పట్టుకుంటే ఆ ఉబ్బు తెలుస్తుంది. పదేళ్లు దాటిన హోసులను ఎలాగూ మార్చేయండి. పైకి బాగున్నా లోపల విడిపోయి ఉంటాయి.

పెడల్ గట్టిగానే ఉంది గానీ చాలా లోతుకు వెళ్లి పడుతోంది

రెండుసార్లు వెంటవెంటనే తొక్కి చూడండి. రెండో తొక్కుకు పెడల్ పైకి వస్తే ఎక్కడో అవసరానికి మించిన ఖాళీ ఉంది. వెనక డ్రమ్ములుంటే షూల అడ్జస్టర్ వదులై ఉండటమే సర్వసాధారణం. చక్రం తిప్పుతూ అడ్జస్టర్‌ను షూ పట్టుకునేదాకా బిగించి, తర్వాత 2 - 3 పళ్లు వెనక్కి తిప్పండి. తేలిగ్గా రాసుకునే చప్పుడు వస్తే చాలు. వీల్ బేరింగు వదులుగా ఉన్నా ఇదే లక్షణం: మలుపులో డిస్కు ఊగి ప్యాడ్లను వెనక్కి నెడుతుంది, ఆ తర్వాతి మొదటి తొక్కు లోతుకు పోతుంది.

ఎన్నిసార్లు తొక్కినా లోతు మారకపోతే లెక్క తప్పింది. పిస్టన్ వైశాల్యం వ్యాసం వర్గంతో పెరుగుతుంది. 48 మి.మీ. పిస్టన్ వైశాల్యం సుమారు 1,810 చదరపు మి.మీ.; 54 మి.మీ. పిస్టన్‌ది సుమారు 2,290. అంటే అంతే దూరం కదలడానికి దాదాపు 27 శాతం ఎక్కువ ఆయిల్ కావాలి. పాత మాస్టర్ సిలిండర్ ఆ ఆయిల్ ఇవ్వాలంటే పెడల్ అంత ఎక్కువ దిగాలి. రెండు వైపులా పిస్టన్లున్న క్యాలిపర్లలో ఒక వైపు పిస్టన్ల వైశాల్యమే లెక్కలోకి తీసుకోవాలి.

దీనికి మందు పెద్ద బోరు మాస్టర్ సిలిండర్. అయితే దూకవద్దు. 19.05 మి.మీ. బోరు వైశాల్యం 285 చదరపు మి.మీ., 20.64 మి.మీ.ది 335, 22.2 మి.మీ.ది దాదాపు 388. 19.05 నుంచి 20.64కు వెళ్తే వైశాల్యం 17 శాతం పెరుగుతుంది. నేరుగా 22.2కు వెళ్తే 36 శాతం పెరిగి, కాలి బలం అంతే అయినా పైపుల్లో ఒత్తిడి నాలుగో వంతుకు పైగా పడిపోతుంది. పెడల్ పైనే గట్టిగా నిలుస్తుంది కాబట్టి తొక్కడానికి బాగుందనిపిస్తుంది, కారు మాత్రం ఆగదు. గట్టి పెడల్‌ను చూసి మంచి బ్రేకు అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. కొద్దిగా లోతుగా ఉన్నా బలంగా పట్టే బ్రేకే మేలు.

కాలు పెట్టి ఉంచితే పెడల్ మెల్లగా దిగిపోతోంది

బయట ఎక్కడా తడి లేకపోతే మాస్టర్ సిలిండర్ లోపలి సీల్ ఆయిల్‌ను వెనక్కి వదులుతోంది. మాస్టర్ సిలిండర్ మార్చండి. తడి వెతికేటప్పుడు దాన్ని బూస్టర్‌కు (ఇంజిన్ వ్యాక్యూమ్‌తో కాలి బలాన్ని పెంచే డబ్బాకు) బిగించిన చోటు, డ్రమ్ములో వీల్ సిలిండర్ల రబ్బరు టోపీల లోపలి వైపు మరవకండి. ఇది సరయ్యేదాకా ఆ కారును రోడ్డెక్కించకూడదు.

పెడల్ రాయిలా ఉంది, కారు ఆగడం లేదు

ఇంజిన్ ఆపి పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కి, తొక్కే ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేయండి. బూస్టర్ పనిచేస్తుంటే పెడల్ కాలి కింద కొంచెం దిగుతుంది. దిగకపోతే వ్యాక్యూమ్ పైపు పగిలిందా, మధ్యలోని చెక్ వాల్వు తిరగబడిందా చూడండి. వ్యాక్యూమ్‌కు పనికిరాని మామూలు గొట్టం వేస్తే అది లోపలికి నొక్కుకుపోయి దారి మూసేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెట్రోల్ ఇంజిన్ ఐడిల్‌లో 450 - 500 మి.మీ. పాదరసం వ్యాక్యూమ్ ఇస్తుంది. ఇంజిన్‌లో చురుకైన క్యామ్ (వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే షాఫ్ట్) వేసి ఉంటే ఇది బాగా తగ్గుతుంది.

బూస్టర్ బాగుంటే మాస్టర్ సిలిండర్ బోరు అనవసరంగా పెద్దదై ఉండొచ్చు, లేదా ప్యాడ్లు వాడకానికి సరిపోనివి. రేసు ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా పట్టవు. రోజూ తిరిగే కారుకు అవి అసలు వద్దు.

బ్రేకు పట్టేసి వదలడం లేదు, చక్రం వేడెక్కుతోంది

ఇక్కడ ఊహలు కట్టిపెట్టి వరసగా పరీక్షించండి. చక్రం పట్టేసి ఉన్నప్పుడే, వేడి చల్లారాక, దాని నిపుల్ విప్పండి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలితే పైపులో ఒత్తిడి చిక్కుకుంది. నిపుల్ విప్పినా వదలకపోతే లోపం చక్రం దగ్గరే: పిస్టన్ తుప్పు పట్టి ఇరుక్కుంది, లేదా స్లైడ్ పిన్నులు (క్యాలిపర్ అటూ ఇటూ జరిగే కడ్డీలు) ఎండిపోయాయి, లేదా వెనక చక్రమైతే హ్యాండ్‌బ్రేక్ కేబుల్ బిగుసుకుంది.

ఒత్తిడి చిక్కుకున్నదైతే అది ఒక్క చక్రానిదా, అన్నిటిదా చూడండి. ఒక్క చక్రమే అయితే హోసు మీద అనుమానం. లోపలి పొర విడిపోయి వాల్వులా మారుతుంది. కాలి బలానికి ఆయిల్ వెళ్తుంది, తిరిగి రాదు. అన్ని చక్రాలూ పట్టేస్తుంటే మాస్టర్ సిలిండర్‌ను బూస్టర్‌కు పట్టించే నట్లను కాస్త వదులు చేయండి. చక్రాలు వదిలాయంటే బూస్టర్ పుష్‌రాడ్ (మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ను నెట్టే కడ్డీ) పొడవు ఎక్కువైంది. అది పిస్టన్‌ను ఎప్పుడూ కొద్దిగా నొక్కి పట్టడంతో, ఆయిల్ రిజర్వాయర్‌లోకి తిరిగి వెళ్లే సన్నని రంధ్రం మూసుకుపోతుంది. మొదటి కిలోమీటరు కారు బాగానే నడుస్తుంది. వేడికి ఆయిల్ వ్యాకోచించేకొద్దీ బ్రేకు తనంతట తానే బిగుసుకుపోతుంది. వేరే మాస్టర్ సిలిండర్ వేసినప్పుడల్లా పుష్‌రాడ్‌ను కొలవండి. రాడ్ కొనకు కొంచెం మెత్తటి బంకమట్టి అంటించి, సిలిండర్ బిగించి, తిరిగి విప్పి ఆ మట్టి మందం చూస్తే చాలు. మాన్యువల్‌లో కొలత లేకపోతే అర మిల్లీమీటరు సందు మంచి గురి.

నట్లు వదులు చేసినా వెనక చక్రాలు వదలడం లేదా? డ్రమ్ము నుంచి డిస్కుకు మార్చిన కారైతే రెసిడ్యువల్ వాల్వు మిగిలిపోయి ఉండొచ్చు. డ్రమ్ము లైనులో దాదాపు 10 పీఎస్‌ఐ ఒత్తిడి నిలిపి ఉంచడం దాని పని. డిస్కుకు ఆ ఒత్తిడే ప్యాడ్లను ఎప్పుడూ రాపిస్తుంది. కొన్ని మాస్టర్ సిలిండర్లలో ఇది అవుట్‌లెట్ రంధ్రంలో, ఇత్తడి సీటు వెనక దాగి ఉంటుంది. డిస్కులకు 2 పీఎస్‌ఐ వాల్వు కావాల్సింది మాస్టర్ సిలిండర్ క్యాలిపర్ల కంటే కింద ఉన్న కార్లలోనే.

వెనక చక్రాలు ముందే లాక్ అవుతున్నాయి

దీన్ని అన్నిటికంటే సీరియస్‌గా తీసుకోండి. ముందు చక్రాలు లాక్ అయితే స్టీరింగు పనిచేయదు, కారు నేరుగా జారుతుంది. వెనకవి ముందే లాక్ అయితే కారు గిర్రున తిరుగుతుంది. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వెళ్లి వెనక టైర్లు తేలికవుతాయి కాబట్టి వెనక ఒత్తిడి తగ్గి ఉండాలి. వెనక మాత్రమే ఎక్కువగా పట్టే ప్యాడ్లు వేయడం, వెనక క్యాలిపర్ పిస్టన్ మరీ పెద్దది కావడం, పాత ప్రపోర్షనింగ్ వాల్వు (వెనక ఒత్తిడిని తగ్గించేది) తీసేయడం దీనికి మామూలు కారణాలు.

కొన్ని కార్లలో వెనక యాక్సిల్‌కు లీవరుతో కలిపిన వాల్వు ఉంటుంది, బరువును బట్టి వెనక ఒత్తిడిని అది మారుస్తుంది. స్ప్రింగులు మార్చి కారును పైకెత్తినా కిందికి దించినా ఆ లీవరు కోణం మారి వాల్వు తప్పుడు లెక్క వేస్తుంది. స్ప్రింగులు మార్చినవాళ్లు దాన్ని చూడకుండా బ్రేకుల మీద నింద వేస్తుంటారు.

చేత్తో తిప్పే ప్రపోర్షనింగ్ వాల్వు వేసేటట్లయితే వెనక లైనులోనే వేయండి, ముందు లైనులో ఎప్పుడూ వద్దు. పాతది తీసేసి దాని బదులు వేయాలి. ఒకదాని వెనక ఒకటి రెండూ ఉంటే ఒత్తిడి ఎక్కడ తగ్గుతోందో అర్థం కాదు. వెనక ఒత్తిడిని పూర్తిగా తగ్గించి మొదలుపెట్టి, ఎవరూ లేని చదునైన ఖాళీ స్థలంలో తక్కువ వేగంతో పరీక్షిస్తూ కొంచెం కొంచెం పెంచండి. ముందు చక్రాలే ఎప్పుడూ మొదట లాక్ కావాలి.

కారు ఒక పక్కకు లాగుతోంది

ముందు టైర్లలో గాలి సమానంగా ఉందో చూడండి. తర్వాత కొంతదూరం నడిపి రెండు ముందు డిస్కుల వేడిని దగ్గర చెయ్యి పెట్టి పోల్చండి, తాకకండి. ఎటు లాగుతోందో ఆ చక్రం బాగానే పట్టుతూ ఉండొచ్చు, చల్లగా ఉన్న అవతలి చక్రమే పనిచేయకపోవచ్చు. ప్యాడ్‌కు గ్రీజు, ఆయిల్ అంటితే కడిగి వాడకండి, రెండు వైపులా కొత్త ప్యాడ్లు వేయండి. కొత్త డిస్కుల మీద తుప్పు పట్టకుండా పూసిన నూనెను బిగించే ముందు తుడవకపోతే ప్యాడ్లు మొదటి రోజే పాడవుతాయి.

పెడల్ కాలి కింద కొట్టుకుంటోంది

డిస్కు వంకర పోయిందంటారు గానీ, చాలాసార్లు అది హబ్ మీద సరిగ్గా కూర్చోలేదంతే. పాత హబ్ ముఖం మీద తుప్పు పొర ఉంటే కొత్త డిస్కు ఒరిగి తిరుగుతుంది. వైరు బ్రష్షుతో లోహం మెరిసేదాకా శుభ్రం చేయండి. డిస్కును నట్లతో బిగించి అంచు నుంచి 10 మి.మీ. లోపల డయల్ గేజితో కొలవండి. ఊపు 0.1 మి.మీ. దాటకూడదు, హబ్ ఒక్కదానిదీ 0.05 లోపే ఉండాలి. ఎక్కువుంటే డిస్కును ఒక బోల్టు రంధ్రం జరిపి మళ్లీ కొలవండి. చక్రం నట్లను ఎదురెదురుగా, మాన్యువల్‌లో చెప్పిన బిగువుకే టార్క్ రెంచితో బిగించండి.

కొత్త ప్యాడ్లను పదును పట్టించకుండా (మధ్యస్థంగా తొక్కుతూ డిస్కుకు అలవాటు చేయకుండా) గట్టిగా తొక్కి వేడి మీద కారును నిలిపేసినా ప్యాడ్ పదార్థం డిస్కు మీద ఒకేచోట అంటుకుని కొట్టుకుంటుంది. ప్యాడ్ తయారీదారు వేరే పద్ధతి చెప్పకపోతే గంటకు 60 కి.మీ. నుంచి 15కు మధ్యస్థంగా తొక్కుతూ 8 - 10 సార్లు తగ్గించండి. ఎక్కడా పూర్తిగా ఆపకండి. తర్వాత బ్రేకు వాడకుండా కొంతసేపు నడిపి చల్లారనివ్వండి.

కీచుమంటోంది

ప్యాడ్ల వెనక షిమ్ములు (పలుచని రేకులు) వేయలేదేమో, ప్యాడ్ చెవులు బ్రాకెట్‌లో బిగుతుగా ఉన్నాయేమో చూడండి. ప్యాడ్ వీపుకు, చెవులకు వేడి తట్టుకునే బ్రేక్ గ్రీజు పలుచగా రాయాలి. స్లైడ్ పిన్నులకు సిలికాన్ గ్రీజు. మామూలు గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బుతుంది.

జాయింట్ల దగ్గర చెమ్మ

క్యాలిపర్‌కు హోసు కలిసే బోల్టుకు రెండు వైపులా రాగి వాషర్లు కొత్తవి వేయాలి. పాత వాషర్ ఒకసారి నలిగిపోయాక మళ్లీ సరిగ్గా మూయదు. మరలను చేత్తో తిప్పి పోల్చుకోండి: 10 మి.మీ. మెట్రిక్ మరలకు, అంగుళంలో మూడు ఎనిమిదవ వంతు మరలకు కంటికి తేడా తెలియదు. అంగుళాల నట్టు మెట్రిక్ రంధ్రంలోకి వదులుగా ఎక్కుతుంది, బిగిస్తే మరలు ఊడిపోతాయి. పైపు కొన అంచు ఆకారం కూడా సీటుకు సరిపడాలి. రెండు మడతల అంచుకు వేరే సీటు, బుడగ అంచుకు వేరే సీటు. కారుతోందని ఇంకా బిగిస్తే సీటు పోతుంది. బ్రేకు పైపు మధ్యలో కంప్రెషన్ జాయింటు (పైపు చుట్టూ ఉంగరాన్ని నట్టుతో నొక్కి కలిపేది) ఎప్పుడూ పెట్టకండి.

కొత్త హోసు వేశాక చక్రాలు వేలాడుతున్నప్పుడూ, నేల మీద ఉన్నప్పుడూ స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూడండి. హోసు సాగకూడదు, మెలితిరగకూడదు, టైరుకు తగలకూడదు. క్యాలిపర్‌కూ రిమ్ము లోపలి అంచుకూ మధ్య కనీసం 3 మి.మీ. సందు ఉండాలి. రిమ్ము లోపల అంటించిన బ్యాలెన్స్ బరువులు తగలడం లేదని చక్రం చేత్తో తిప్పి నిర్ధారించుకోండి.

వెనక డిస్కులు వేశాక హ్యాండ్‌బ్రేక్ పట్టడం లేదు

హ్యాండ్‌బ్రేక్ లీవరున్న వెనక క్యాలిపర్ పిస్టన్‌ను చాలా రకాల్లో నొక్కి లోపలికి పంపలేరు, తిప్పుతూ పంపాలి. బలవంతంగా నొక్కితే లోపలి అడ్జస్టర్ విరుగుతుంది. కేబుల్‌ను పూర్తిగా వదులు చేసి, పెడల్‌ను చాలాసార్లు తొక్కి అడ్జస్టర్ తన చోటికి వచ్చాకే కేబుల్ బిగించండి. రెండు క్యాలిపర్ల లీవర్లూ వాటి ఆపు మీదికి పూర్తిగా తిరిగి రావాలి.

వేడెక్కాక బ్రేకు తగ్గిపోతోంది

పెడల్ గట్టిగా ఉండి కారు ఆగకపోతే ప్యాడ్ల హద్దు దాటింది. పెడలే నేలకు పోతుంటే ఆయిల్ మరిగి ఆవిరైంది. బ్రేక్ ఆయిల్ అంటాం గానీ డాట్ 3, 4, 5.1 రకాలు నూనెలు కావు, గాలిలోని తేమను పీల్చుకునే గ్లైకాల్ రకాలు. మరగకుండా నిలవాల్సిన కనీస వేడి కొత్త డాట్ 3కి 205 డిగ్రీల సెల్సియస్, తేమ పట్టాక 140. డాట్ 4కి 230, 155. డాట్ 5.1కి 260, 180. డాట్ 5 మాత్రం సిలికాన్, దాన్ని మిగతావాటితో కలపకూడదు. రెండేళ్లకోసారి ఆయిల్ పూర్తిగా మార్చండి, మూత తీసి చాన్నాళ్లున్న సీసా వాడకండి. ఇంజిన్ ఆయిల్ చుక్క పడినా సీళ్లన్నీ ఉబ్బుతాయి. కారు రంగు మీద బ్రేక్ ఆయిల్ పడితే వెంటనే నీళ్లతో కడగండి.

మొదటిసారి కదిలించే ముందు ఇంజిన్ ఆపి, పెడల్ పైకి వచ్చేదాకా తొక్కండి. కొత్త ప్యాడ్లు డిస్కుకు ఇంకా దూరంగానే ఉంటాయి. తర్వాత ఇంజిన్ నడుస్తుండగా ఒక నిమిషం గట్టిగా తొక్కి పట్టి, ప్రతి జాయింటునూ పొడి కాగితంతో తుడిచి చూడండి. నడక వేగంతో నాలుగైదు సార్లు ఆపి చూశాకే బయటికి వెళ్లండి. 100 కి.మీ. తిరిగాక చక్రం నట్ల బిగువు, రిజర్వాయర్ మట్టం, హోసులన్నీ మరోసారి చూడండి. అప్పటికి మట్టం కనిపించేంతగా తగ్గిందంటే అది ప్యాడ్ల అరుగుదల కాదు, ఎక్కడో కారుతోంది.